తొలి పుట్టినరోజు

తెలుగువారి ఇళ్ళలో పసిబిడ్డ తొలి సంవత్సరం వేడుకల నడుమనే గడుస్తుంది. పదకొండవ రోజునో, ఇరవై ఒకటవ రోజునో బారసాల జరుగుతుంది. ఆరవ నెలలో అన్నప్రాశన చేస్తారు. ఇవి పంచాంగం చూసి, ముహూర్తం నిర్ణయించి చేసే శుభకార్యాలు. వీటి మధ్య ముహూర్తంతో నిమిత్తం లేని చిన్న వేడుకలు మరికొన్ని ఉన్నాయి. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు. పాకుతూ గడప దాటితే గారెలు వండుతారు. అడుగులు వేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచుతారు. ఈ వేడుకలకు తిథీ కారణం కాదు, తేదీ కారణం కాదు. బిడ్డ స్వయంగా సాధించిన ఘనకార్యమే కారణం.

వీటిలో అడుగుల వేడుక మరింత ముచ్చటైనది. నానబెట్టిన బియ్యాన్ని దంచి, ఆ తడిపిండిని బెల్లపు పాకంలో కలిపి, నువ్వులద్ది వండిన అరిసెలను వరుసగా పేర్చి, పైన పలుచని వస్త్రం కప్పుతారు. తల్లి బిడ్డ రెండు చేతులూ పట్టుకొని వాటి మీదుగా నడిపిస్తుంది. ఆ తరువాత అరిసెలు చుట్టుపక్కల ఇళ్ళకు వెళతాయి. ఒక బిడ్డ పదవ నెలలోనే నడక నేర్చుకొంటాడు. మరొక బిడ్డకు పదిహేను నెలలు పడుతుంది. పొరుగింటి పాప ముందుగా నడిచిందని ఈ ఇంట అరిసెలు ముందుగా వండరు. బిడ్డ నడిచేదాకా పెద్దలు వేచి ఉంటారు. పండుగ బిడ్డ వెంట నడుస్తుందే తప్ప, బిడ్డ పండుగ వెంట పరుగెత్తవలసిన అవసరం లేదు.

ఈ వేడుకలలో సంతోషంతో పాటు భయం కూడా ఉండేది. 'బాలారిష్టాలు' అనే మాటను ఈనాడు కొత్తగా ప్రారంభమైన సంస్థలకో, పథకాలకో ఎదురయ్యే చిక్కులకు వాడుతున్నారు. దాని అసలు అర్థం వేరు. పసితనంలో ప్రాణం మీదికి వచ్చే గండాలను జ్యోతిషం ఆ పేరుతో పిలిచింది. మశూచి, ధనుర్వాతం, కోరింతదగ్గు, తట్టు, అతిసారం వంటి వ్యాధులు ఇళ్ళకు ఇళ్ళనే గర్భశోకంలో ముంచిన కాలం ఎంతో దూరంలో లేదు. 1971లో మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. దాదాపు ఎనిమిది ఊయలలలో ఒకటి ఖాళీ అయిందన్నమాట. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. 1977లో మన దేశం మశూచి నుండి విముక్తమైనట్లు ప్రకటించారు. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన మంచినీరు, అతిసారం సోకిన బిడ్డకు పట్టే ఉప్పు, పంచదార కలిపిన నీరు, ఇవన్నీ కలిసి సాధించిన మార్పు ఇది. ఇరవై ఎనిమిది అన్నది కాగితం మీద చిన్న అంకెగా కనిపించవచ్చు. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి మాత్రం అది చిన్నది కాదు.

ఆ భయం కొన్ని పేర్లలో కూడా మిగిలి ఉంది. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇంట మళ్ళీ శిశువు జన్మిస్తే, ఆ బిడ్డను చేటలోనో విస్తరాకులోనో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టేవారు. పొరుగింటి స్త్రీ వచ్చి, ఎవరికీ అక్కరలేని బిడ్డ దొరికినట్లు ఎత్తుకొని, గుప్పెడు తవుడు పుచ్చుకొని తిరిగి కన్నతల్లికే అమ్మేది. బిడ్డ విలువ తవుడు పాటిదేనని మృత్యువును నమ్మించే ప్రయత్నమది. పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ, తవిటయ్య వంటి పేర్లు అలా పుట్టాయి. ఈనాటి తరగతి గదిలో ఎవరికైనా తాతగారి పేరు చెప్పుకోవడానికి సిగ్గు కలిగితే, ఆ పేరు పెట్టిన తల్లి మనసును ఒకసారి ఊహించుకోవాలి. అంతకంటె గాఢమైన ప్రేమతో పెట్టిన పేరు వేరొకటి దొరకదు.

అటువంటి నేపథ్యంలో ఏడాది నిండడమంటే సామాన్యమైన విషయం కాదు. తొలి పుట్టినరోజును 'అబ్దపూర్తి' అంటారు. అబ్దమంటే సంవత్సరం. ఆనాడు కొన్ని కుటుంబాలలో ఆయుష్యహోమం చేయించి, మార్కండేయుని పూజిస్తారు. పదహారేళ్ళ ఆయువుతో పుట్టి, శివుని ఆశ్రయించి మృత్యువును జయించిన బాలుడు ఆయన. పిల్లల పుట్టినరోజున ఆయనను తలచుకోవడంలోని ఔచిత్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపాచార్యుడు, పరశురాముడు అనే ఏడుగురు చిరంజీవులను కూడా స్మరిస్తారు. నువ్వులు, బెల్లం కలిపిన పాలను బిడ్డ చేత కొద్దిగా తాగిస్తారు.

హోమం చేసినా చేయకపోయినా ఇంటిలో ఆ రోజు జరిగే తీరు ఇంచుమించు ఒకటే. తెల్లవారగానే బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, మాడున చమురు పెట్టి, సున్నిపిండితో నలుగు పెడతారు. తలంటు పూర్తి కాగానే సాంబ్రాణి పొగ వేస్తారు. కొత్తబట్టలకు ఒక మూల పసుపు పెట్టి తొడుగుతారు. మేనమామ తెచ్చిన వెండి మొలత్రాడు కడతారు. పెద్దలు అక్షతలు చల్లి నూరేళ్ళు వర్ధిల్లుమని దీవిస్తారు. ముత్తైదువలు హారతి పడతారు. పరమాన్నం, పులిహోర, గారెలతో భోజనాలు అవుతాయి. ఇంత సందడిలో ఎవరి చూపు ఎలా సోకుతుందోనని అమ్మమ్మ ఊరుకోదు. బుగ్గన దిష్టిచుక్క పెట్టినా తృప్తి కలుగక, సాయంత్రం ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీస్తుంది. కొందరు పుట్టువెంట్రుకల మొక్కును ఏడాది లోపలో, మూడవ యేటనో తిరుమల కొండపైన, వేములవాడ రాజన్న సన్నిధిలో తీర్చుకొంటారు. రెండేళ్ళకొకసారి వచ్చే మేడారం జాతరలో బిడ్డ ఎత్తు బంగారాన్ని సమ్మక్క సారలమ్మలకు సమర్పించే కుటుంబాలున్నాయి. అక్కడ బంగారమంటే బెల్లమే. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆ సాయంత్రం బంధుమిత్రులు ప్రార్థన కూడికకు చేరి కృతజ్ఞతలు చెల్లిస్తారు. మార్గం ఏదైనా, బిడ్డ దక్కినందుకు తలవంచి నమస్కరించడమే ఈ పండుగ మూలరూపం.

ఇంతకూ పుట్టినరోజు ఏ రోజు? ఈ ప్రశ్నకు తెలుగిళ్ళలో రెండు సమాధానాలున్నాయి. తాతగారు మాసం, పక్షం, తిథి చెబుతారు. తండ్రి తేదీ చెబుతాడు. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే సుమారు 354 రోజులవుతాయి. సౌరసంవత్సరానికి 365 రోజులు. ఏటా పదకొండు రోజుల తేడా వస్తుంది. అందువల్ల తిథి ప్రకారం వచ్చే పుట్టినరోజు మరుసటి సంవత్సరం తేదీ కంటె పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆ తేడా పెరిగి పెరిగి నెలకు చేరేసరికి, సుమారు ముప్ఫై రెండు, ముప్ఫై మూడు నెలలకొకసారి అధికమాసం వచ్చి తిథిని మళ్ళీ వెనుకకు లాగుతుంది. ఈ దాగుడుమూతలకు ఒక ముగింపు ఉంది. 235 చాంద్రమాసాలు పందొమ్మిది సౌరసంవత్సరాలతో దాదాపు సమానం. కనుక పందొమ్మిదవ పుట్టినరోజు నాడు తిథీ తేదీ తిరిగి కలుస్తాయి. ఒక్కొక్కసారి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. ఇంటర్మీడియట్ చదువు ముగించిన కొద్దికాలానికే ప్రతి విద్యార్థి జీవితంలోనూ వచ్చే కలయిక ఇది. ఇంటిలో పాత పంచాంగం ఉన్నవారు దీనిని స్వయంగా సరిచూసుకోవచ్చు.

శ్రీరామనవమి, కృష్ణాష్టమి తిథిని బట్టి వచ్చే పుట్టినరోజులు. నవంబరు 14న వచ్చే బాలల దినోత్సవం నెహ్రూ పుట్టినరోజు. గిడుగు రామమూర్తి జన్మించిన ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవం, కాళోజీ జన్మించిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవం. దేవతలు తిథిలో, నాయకులు తేదీలో నిలిచారు. పసిపిల్లలు మొదట దేవతల వైపే ఉండి, క్రమంగా తేదీ వైపు వచ్చారు. బడి వారిని అటు మళ్ళించింది. ప్రవేశపుస్తకంలో తిథి రాయడానికి గడి లేదు. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు ఉపాధ్యాయులే ఐదేళ్ళు నిండేటట్లు లెక్కకట్టి జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేవారు. ఆ తరం ఉద్యోగులలో ఎందరో ఒకే రోజున పదవీ విరమణ చేయడంలోని రహస్యం అదే. 1969లో వచ్చిన జనన మరణాల నమోదు చట్టం దేశమంతటికీ ఒక పద్ధతి ఏర్పరచింది. ఇరవై ఒక్క రోజులలోగా జననాన్ని తెలియజేయాలన్నది అందులోని నియమం. 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ యేడు అక్టోబరు 1 నుండి పుట్టినవారికి పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసే పత్రం జనన ధ్రువపత్రమే. దానితో తిథి పూజగదికి పరిమితమైంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో మూడవ రోజు కూడా తోడయింది. తిథి నాడు పూజ, తేదీ నాడు కేకు, ఆ దగ్గరలో వచ్చిన శనివారం నాడు విందు!

కేకు, కొవ్వొత్తులు మనకు పాశ్చాత్యుల నుండి వచ్చాయి. పిల్లల పుట్టినరోజున కేకు మీద వయస్సును సూచించే కొవ్వొత్తులు వెలిగించే ఆచారం పద్దెనిమిదవ శతాబ్దిలో జర్మనీలో ఉన్నది. కేకు కోసేటప్పుడు లోకమంతా పాడే ఆంగ్ల గీతపు బాణీ నిజానికి పుట్టినరోజు కోసం కట్టినది కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన మిల్‌డ్రెడ్ హిల్, పాటీ హిల్ అనే అక్కచెల్లెళ్ళు శిశుతరగతిలో పిల్లలకు ఉదయపు పలకరింపుగా దానిని కూర్చారు. 1893లో అది అచ్చయింది. పుట్టినరోజు మాటలు తరువాత చేరాయి. చిన్న గొంతులకు అందేంత తేలికగా ఉండాలని కట్టిన బాణీ కావడం వల్లనే అది ఇంతగా వ్యాపించి ఉంటుంది.

పాటను ఎవరూ ఆక్షేపించలేదు గాని, కొవ్వొత్తి ఊదడం వద్ద మాత్రం పెద్దలు నొచ్చుకొన్నారు. తెలుగు ఇంటిలో దీపం ఆరిపోయిందని నోటితో అనరు, 'కొండెక్కింది' అంటారు. మాటలోనే అశుభాన్ని రానివ్వని వారికి, పుట్టినరోజు నాడు బిడ్డ చేతనే దీపం ఆర్పించడం కష్టంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. దీనికి చాలా ఇళ్ళలో ఒక రాజీమార్గం కుదిరింది. ముందుగా కుంది వెలిగించి బిడ్డ చేత నమస్కరింపజేస్తారు. కేకు మీద కొవ్వొత్తి లేకుండానో, వెలిగించిన దానిని ఊదకుండానో కేకు కోస్తారు. కొత్త ఆచారాన్ని ఇంటికి తగినట్లు మలచుకోవడం తెలుగువారికి తెలియని విద్య కాదు. కేకుతో వచ్చిన చిక్కు స్వల్పమైనదే. అసలు చిక్కు దాని వెంట వచ్చిన ఆర్భాటంతోనే.

నగరాలలోనే కాక పట్టణాలలో కూడా తొలి పుట్టినరోజును ఫంక్షన్ హాలులో పెళ్ళికి దీటుగా జరపడం పరిపాటి అయింది. పెద్ద వేదిక, పూల అలంకరణ, బిడ్డ ఛాయాచిత్రాలతో నిలువెత్తు ఫ్లెక్సీలు, చెవులు హోరెత్తే సంగీతం, అతిథులందరికీ తిరుగు కానుకలు సిద్ధమవుతాయి. ఆ సాయంత్రాన్ని ఏడాది బిడ్డ వైపు నుండి చూడాలి. ఒకటి, రెండేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర అవసరం. అతిథులు వచ్చే వేళ బిడ్డ నిద్రవేళ. జరీ అంచుల బరువైన దుస్తులు ఒంటికి గుచ్చుకొంటాయి. అంతకుముందు చూడని వందల ముఖాలు వంగి బుగ్గలు గిల్లుతాయి. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారుతూ బిడ్డ ఏడుపు లంకించుకొంటాడు. వీడియో తీసేవారు నవ్వించమంటారు. చివరికి కేకు కోసే సమయానికి పండుగ పెద్ద తల్లి భుజం మీద నిద్రపోతాడు. నిద్రిస్తున్న చేతికి చాకు తాకించి ఛాయాచిత్రం తీయించిన సందర్భాలు కూడా లేకపోలేదు.

ఆ సాయంత్రం బిడ్డకు ఎప్పటికీ గుర్తుండదు కూడా. మూడేళ్ళ లోపు సంఘటనలు పెద్దయ్యాక జ్ఞాపకం రావడం చాలా అరుదు. శాస్త్రజ్ఞులు దీనిని శైశవ విస్మృతి అంటారు. కాబట్టి తొలి పుట్టినరోజు నిజానికి తల్లిదండ్రుల పండుగ. ఏడాది పాటు నిద్ర కాచి, జ్వరాలకు బెంబేలెత్తి, టీకాల చీటీ పదిలపరచి బిడ్డను ఒడ్డుకు చేర్చిన ఇద్దరు ఆ రోజు సంతోషపడడం న్యాయమే. అయితే సంతోషానికి, ప్రదర్శనకు మధ్య గీత సన్ననిది. బంధువు ఒకరు అయిదువందల మందిని పిలిచారని, తాము అంతకు తగ్గరాదని అప్పు తెచ్చి విందు చేసే చిరుద్యోగులున్నారు. బిడ్డ రెండవ పుట్టినరోజు వచ్చేదాకా మొదటి దానికి వడ్డీ కడుతూ ఉంటారు. ఆ సొమ్ము బిడ్డ పేర తపాలా కార్యాలయంలో వేసినా, పదేళ్ళకు బడి ఫీజులకు అక్కరకు వచ్చేది.

బడిలో ఈ వ్యత్యాసం మరొక రూపంలో కనిపిస్తుంది. అందరూ యూనిఫారంలో ఉండగా పుట్టినరోజు బిడ్డ రంగుల దుస్తులు ధరించి, చాక్లెట్ల డబ్బాతో తరగతులన్నీ తిరిగి వస్తుంది. చూడముచ్చటైన దృశ్యమే. కాని అదే వరుసలో కూర్చొని, తన పుట్టినరోజు నాడు కూడా యూనిఫారంలోనే వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళే పిల్ల ఒకతె ఉంటుంది. చాక్లెట్లకు బదులు తరగతి గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇప్పించే పద్ధతి ఈ బాధను కొంత తగ్గించవచ్చు. ఆ పిల్ల పుట్టినరోజు ఉపాధ్యాయునికి గుర్తుండి, ఉదయపు హాజరులో ఒక్క మాట పలకరిస్తే ఆ బాధ ఇంకా తగ్గుతుంది. దానికి ఖర్చు కూడా ఉండదు.

మూడు, నాలుగేళ్ళు వచ్చాక పుట్టినరోజు నిజంగా బిడ్డదవుతుంది. 'నా పుట్టినరోజు ఇంకా ఎన్నాళ్ళు?' అనే ప్రశ్న నెలరోజుల ముందే ఆరంభమవుతుంది. ఆ వయస్సు పిల్లలకు వేదికల కంటె విహారం ఎక్కువ ఇష్టం. హైదరాబాదువారికి 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉంది. మీరాలం చెరువు చెంత సుమారు 380 ఎకరాలలో విస్తరించిన ఆ తోటలో పిల్లలు ఎక్కే చిన్న రైలు కూడా ఉంది. విశాఖపట్నం వారికి కంబాలకొండ అడవి ఒడిలో, తిరుపతివారికి శేషాచలం కొండల పాదాల వద్ద ఇటువంటి తోటలే ఉన్నాయి. పుట్టినరోజు సోమవారం వస్తే మాత్రం విహారాన్ని మరునాటికి మార్చుకోవలసిందే. హైదరాబాదు, విశాఖ జంతుశాలలకు ఆనాడు సెలవు.

ఇటువంటి విహారంలో పెద్దలు ఒక పొరపాటు చేస్తుంటారు. టికెట్టు కొన్నాము కాబట్టి అన్నీ చూపించి తీరాలని బిడ్డను చేయి పట్టి లాగుకొనిపోతారు. నాలుగేళ్ళ పాప సింహాన్ని ఒక్క నిమిషం చూసి, దారిలో చీమల బారు వద్ద పావుగంట కూర్చోవచ్చు. నీటిఏనుగు నోరు తెరిస్తే కేరింతలు కొట్టి, మళ్ళీ తెరిచేదాకా కదలనని మొరాయించవచ్చు. ఆ రోజు ఆమెది. అడుగులు వేసేదాకా అరిసెలు ఆపిన పెద్దలకు ఆ పావుగంట ఆగడం కష్టం కాకూడదు. మధ్యాహ్నం చెట్టు నీడన ఇంటి నుండి తెచ్చుకొన్న పులిహోర, పెరుగన్నం విప్పితే ఏ విందూ దానికి సాటి రాదు. ఊరు దాటలేని వారికి చెరువుగట్టు, అమ్మమ్మగారి పొలం, రైల్వేస్టేషను కూడా విహారస్థలాలే. వచ్చి పోయే రెండు రైళ్ళను చూపిస్తే మూడేళ్ళ బాలునికి ఆ సాయంత్రం సార్థకం.

ఇంటివద్ద విందు చేసినప్పుడు కూడా అతిథుల జాబితాను బిడ్డ చేతనే చెప్పించడం మంచిది. నలుగురు స్నేహితులు, ఇద్దరు బంధువుల పిల్లలు, వీధి చివర ఇస్త్రీబండి వారి అబ్బాయి అని చెబితే అదే సరైన జాబితా. పెద్దలు గీసే అంతస్తుల గీతలు ఆ వయస్సుకు కనిపించవు. సాయంత్రం ఆరు గంటలకల్లా ముగిసే ఆటలు, వేడి సేమ్యా పాయసం చాలు. బెలూన్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పగిలిన రబ్బరు ముక్కలను పసివారు నోట పెట్టుకొంటే గొంతుకు అడ్డుపడి ప్రాణాపాయం కలుగుతుంది. గట్టి వేరుశెనగ పలుకులు కూడా అంతే.

తమ సంతోషంలో ఇతరులకు భాగం పెట్టడం పుట్టినరోజుకు పాత అలవాటే. పూర్వం ఆనాడు అన్నదానం చేసేవారు. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదాన పథకానికి పిల్లల పేర విరాళం పంపేవారు నేటికీ ఉన్నారు. నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రుసుము చెల్లించి ఒక జంతువు పోషణ భారాన్ని దత్తతగా స్వీకరించే ఏర్పాటు ఉంది. పిల్లల పుట్టినరోజున దీనిని ఎంచుకొనే తల్లిదండ్రులున్నారు. ఏనుగు ఈ పూట తన తరఫున భోజనం చేసిందని తెలిసిన బిడ్డ ఆ మాటను బడిలో వారం రోజులు చెప్పుకొంటుంది.

ఇన్ని పుట్టినరోజులు జరిపిన అమ్మమ్మలకు, నానమ్మలకు తమ పుట్టినరోజు తెలియకపోవడం ప్రతి ఊరిలోనూ కనిపించేదే. ఆధార్ కార్డు మీద ఉన్నది ఎవరో వేసిన అంకె. అడిగితే వారు తేదీ చెప్పరు. పోలీసు చర్య జరిగిన యేడు తల్లి చంకలో ఉన్నానంటారు. ఉగాది వెళ్ళిన మూడవ నాడు పుట్టానని మా అమ్మ అనేదంటారు. 1948, చైత్ర శుద్ధ చవితి. పిల్లలు ఇంత సమాచారాన్ని పట్టుకొని పాత పంచాంగమో, కంప్యూటరో వెతికితే తేదీ కొద్ది నిమిషాలలో దొరుకుతుంది. ఆ తేదీ రాగానే తలంటు పోసి, పీట వేసి కూర్చోబెడితే ఆ ముసలితల్లి మొదట కసురుకొంటుంది, ఈ వయస్సులో ఇదేమి చోద్యమని. పరమాన్నం గిన్నె మాత్రం పక్కకు నెట్టదు.